నారమ్మ కట్టిన సంపు

పొద్దున్నే పళ్లు తోముకుంటూ పెరట్లోకి వెళ్లినవాణ్ణి, బ్రష్షు నోట్లో ఉండగానే "ఓరి దేవుడా!" అని అరిచాను. భూమిలో ఉండాల్సిన కాంక్రీటు నీళ్ల సంపు మోకాలెత్తు పైకి లేచి, ఒక పక్కకు ఒరిగి ఉంది. పది అడుగుల పొడవు, ఏడు టన్నుల బరువు! పదిమంది కలిసినా కదలనిది, తనంతట తాను ఎట్లా లేచింది?

దాన్ని కట్టింది నారమ్మ. మొగుడంపల్లి మనిషి. పద్దెనిమిదేళ్లు మేస్త్రీల దగ్గర కూలి చేస్తూ, వాళ్ల చేతులు చూసి పని నేర్చుకుంది. మేస్త్రిగా ఆమెకు ఇదే మొదటి పని. ఆడమనిషికి పని ఇచ్చానని నాకు గర్వం కూడా. ఇది బాగా వస్తే తన కొత్త ఇల్లు ఆమెకే అప్పజెబుతానని పక్కింటి పీటర్ అన్నాడు.

సంపు చుట్టూ ఇంకా మట్టి నింపలేదు; గోడలు గట్టిపడాలని నారమ్మ లోపల నీళ్లు నింపి ఉంచింది. మూడు రోజుల వానకు ఆ గుంతంతా నీళ్లు నిండాయి. "సారూ, గుంత ఎండేదాక సంపుల నీళ్లు తియ్యకున్రి. జర యాదుంచుకోన్రి," అని చెప్పి మరీ వెళ్లింది. నేను విన్నానా? ముందురోజు సాయంత్రం వాన వెలియగానే, లోపలి పాచి నీళ్లు చూసి కంపరమెత్తి, మోటారు పెట్టి మొత్తం తోడి రోడ్డు మీదికి వదిలేశాను.

నేనెవర్నో తెలుసా? కోహీర్ బడిలో ముప్పై ఒక్క ఏళ్లు సైన్సు చెప్పినవాణ్ణి! ఇనుప ఓడ ఎందుకు తేలుతుంది? పూర్తిగా మునిగేలోపే తన బరువంత నీటిని పక్కకు నెడుతుంది కాబట్టి. జలాంతర్గామి ఎట్లా మునుగుతుంది? తొట్లలోకి నీళ్లు నింపుకుని బరువెక్కి. బోర్డు మీద ఎన్నిసార్లు గీశానో! ఖాళీ చేసిన సంపు ఓడలాగే తేలుతుందని మాత్రం బుర్రకు తట్టలేదు. థూ, నా చదువు!

నారమ్మ వచ్చి చూసి నెత్తిమీద చేతులు పెట్టుకుంది. "నీళ్లేడ పోయినయ్ సారూ?"

అప్పటికే పెరటి నిండా జనం. పీటర్ నా మొహంలోకే చూస్తున్నాడు. సైన్సు సారు ఇంత పని చేశాడంటే ఊరంతా నవ్వదూ?

"కారిపోయినట్టున్నయ్. ఏడనో పగులుంది," అన్నాను.

ఆ మాట నా నోటినుంచేనా వచ్చింది! అయినా వెనక్కి తీసుకోలేదు.

"ఆడమనిషి పని గిట్లనే ఉంటది," అని పీటర్ అక్కడే ఫోన్ తీసి, తన ఇంటి పని వేరే మేస్త్రికి ఇస్తానని మాట ఇచ్చేశాడు.

నారమ్మ నిచ్చెన వేసుకుని సంపులోకి దిగి, గోడలన్నీ చేత్తో తడిమింది. పైకొచ్చి, నాకు మాత్రమే వినపడేటట్టు అంది. "పగులుంటే గుంతల నీళ్లు లోపలికి రావాలె గద సారూ? లోపల నా పాదం సుత మునుగుతలేదు."

నా అబద్ధం ఆమెకు దొరికిపోయింది.

తర్వాత ఆమె మోటారును గుంతలోకి దించి, ఆ నీళ్లనే సంపులోకి తోడించింది. గుంతలో నీళ్లు తగ్గుతుంటే, సంపు లోపల బరువు పెరుగుతుంటే, ఆ కాంక్రీటు తొట్టి కిర్రుమంటూ అంగుళం అంగుళం కిందికి దిగింది. జనం నోళ్లు తెరిచారు.

ఇక ఆగలేకపోయాను. "నీళ్లు తోడింది నేనే! నారమ్మ వద్దనే చెప్పింది!" అని అందరూ వినేటట్టు అరిచాను.

పీటర్ తల గోక్కున్నాడు. "మాట ఇచ్చేసిన గద సార్, ఇప్పుడెట్ల?" అంటూ గేటు దాటి వెళ్లిపోయాడు.

నారమ్మ చేతులు కడుక్కుంటూ, "పొద్దుగాలనే గీ మాట అంటే ఏమైతుండె సారూ?" అంది. ఆమె కళ్లల్లో నీళ్లు. "మట్టి నింపి, పైన స్లాబు ఏసి పోత. పని ఒడిసేదాక మీరు మాత్రం ఈడికి రాకున్రి."

నాలుగు రోజులు నేను నా పెరట్లో అడుగు పెట్టలేదు.