సరిత పుస్తకం తీసుకుని కొత్తవాడకు

వరంగల్ ప్రయాణాన్ని ఏడాదిగా వాయిదా వేస్తూ వచ్చాను. పరిశోధనశాలలో నా పక్క బల్ల దగ్గర పనిచేసిన సరితది ఆ ఊళ్లోని కొత్తవాడ. తారల మీద రాస్తున్న తన సిద్ధాంత గ్రంథంలో చివరి అధ్యాయం సగంలో ఉండగా జబ్బుచేసి చనిపోయింది. మిగతాది నేను పూర్తి చేశాను. పోయిన నెల బైండు ప్రతి చేతికొచ్చింది. దినం రోజున వాళ్ల నాన్న సాంబయ్యగారు "ఈ సదువే నా బిడ్డను తిన్నది" అన్నారు. అందుకే పోస్టులో పంపేద్దామని కూడా అనుకున్నాను.

శనివారం ఉదయం ఆరున్నరకు సికింద్రాబాద్‌లో రైలెక్కి, తొమ్మిది దాటాక వరంగల్‌లో దిగాను. ఆటోకు నూట ఇరవై. ఎవరింటికో చెప్పగానే డ్రైవర్ గొంతు తగ్గించాడు. "సాంబయ్య పెద్దనాయిన ఇంటికా అక్కా? బిడ్డ పోయినంక మగ్గం మీద సరిగ కూసుంటలేడు."

ఆయన జంపఖానాలు నేస్తారు. మగ్గం దిగి వచ్చి, పుస్తకాన్ని రెండు చేతులా అందుకుని, చాలాసేపు అట్ట మీదే చూపు నిలిపారు.

"దీంట్ల ఏమున్నదో జర సమజయ్యేటట్టు చెప్పు బిడ్డా. అది చెప్తనంటే నేనే ఇనలే."

చెప్పాను. పెద్ద తార పేలిపోతే నడిమి ముద్ద మిగులుతుంది. పట్నమంత కూడా ఉండదు గాని సూర్యుడికన్నా బరువు. గిరగిరా తిరుగుతూ రేడియో తరంగాలు చిమ్ముతుంది, మెల్లగా నెమ్మదించి మూగబోతుంది. జంటగా ఇంకో తార ఉంటే కథ అక్కడితో అయిపోదు. అది ముసలిదై ఉబ్బినప్పుడు దాని పదార్థం ఈ ముద్ద చుట్టూ సుడి తిరుగుతూ వచ్చి పడుతుంది. పడ్డకొద్దీ వేగం పెరుగుతుంది. కోట్ల ఏళ్లకు, సెకనుకు వందలసార్లు తిరిగే పల్సర్‌గా మళ్లీ వినిపిస్తుంది.

"మరి ఇచ్చిన తార ఏమైతది?"

"చిన్న తెల్లటి తారగా మిగులుతుంది బాపూ. కొన్నిచోట్ల ఆ పల్సర్ వేడికే కరిగిపోతుంది."

ఆయన తలవంచుకున్నారు. తలెత్తకుండానే అడిగారు: "జరం ఉన్నప్పుడు గూడ నా బిడ్డ పనికి వచ్చిందా?"

అబద్ధం చెప్పి ఉండొచ్చు, చెప్పలేదు. "వచ్చింది. నేను చూశాను. ఇంటికి పొమ్మని గట్టిగా చెప్పలేదు."

"చెప్పినా ఇనకపోయేది," అన్నారాయన. ఆ మాట నా కోసమో తన కోసమో తెలియలేదు. "దాని రాత ఏడ ఆగింది?"

చూపించాను. వాక్యం మధ్యలో ఆగిపోయిన చోటు. నా మాటలు అక్కడే మొదలవుతాయి. చదవమన్నారు. సరిత రాసినంత చదివి ఆగాను.

"ఆపకు," అన్నారు. "నీది గూడ సదువు."

తిరుగు రైల్లో కిటికీ పక్కన కూర్చుని చాలా ఆలోచించాను. సరిత పని పూర్తి చేశానన్న తృప్తి ఏడాదిగా నాకు కలగలేదు. ఆ రోజూ పూర్తిగా కలగలేదు. కానీ ఆ పుస్తకం చేరవలసిన ఇంటికి చేరింది.

కొత్తవాడ వెళ్లేవాళ్లకు ఒక్క మాట: ఉదయం పదిలోపు చేరుకోండి, తిరుగు టికెట్ మాత్రం సాయంత్రానికి తీసుకోండి. భోజనం చేయకుండా ఎవరూ కదలనివ్వరు.