అవతలి దిక్కు

కొత్త నూలు చీర మడత విప్పితే గంజి వాసన వస్తుంది. ఆఫీసులో ఎవరైనా కొత్త గద్వాల చీర కట్టుకొచ్చి పక్కన కూర్చుంటే నాకు పని సాగదు. ఆ వాసన వెంటే శారదక్క వచ్చేస్తుంది, "ఏందే మంజులా, పొద్దుగాల్నే ముఖం గట్ల పెట్టినవ్?" అంటూ.

ఆమె నా మొదటి యజమాని. గద్వాలలో నేతగాళ్ల వీధిలో ఒక ఇంటి ముందుగది ఆమె ఆఫీసు. రెండు కంప్యూటర్లు, ఒక స్కానర్, వెనక గదిలో ఆమె అన్న మగ్గం. బ్రాడ్‌బ్యాండ్ మా వైపు అప్పుడప్పుడే వస్తున్న రోజులు. నేతగాళ్లు గీసిన అంచు డిజైన్లను స్కాన్ చేసి హైదరాబాదు దుకాణాలకు పంపేవాళ్లం. అంత పెద్ద ఫైళ్లు మెయిల్‌లో పట్టేవి కావు. మా ఊరు ఇటిక్యాల నుంచి రోజూ బస్సులో వచ్చే నేను, కొత్త డిగ్రీ గర్వంతో, ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికిన ఒక నెట్‌వర్క్ లైబ్రరీని, అంటే ఎవరో రాసిపెట్టిన కోడ్‌ను, ఆధారం చేసుకుని ఫైళ్లు పంపే ప్రోగ్రాం రాశాను. ఏ ఒక్కరి కోసమూ ఆగకుండా ఒకేసారి పదిమందితో మాట్లాడగల లైబ్రరీ అది. దాన్ని చూసుకుని తెగ మురిసిపోయాను.

అదే వీధిలో నేసే వెంకటేశం మామకు వచ్చిన పెళ్లి చీరల ఆర్డరుతో చిక్కొచ్చింది. దుకాణం వాళ్లు డిజైను చూసి సరేనంటేనే ఆయన నూలుకు రంగు వేయించి మగ్గం మీద పడుగు ఎక్కించాలి. ఫైలేమో సగం పోయి ఆగిపోయేది. మళ్లీ పంపితే ఇంకోచోట ఆగేది. చిన్న ఫైళ్లు మాత్రం చక్కగా పోయేవి. "లైన్ బాగలేదు మామా" అన్నాను. నాలుగు రోజులు అదే మాట చెప్పాను. తప్పు నా ప్రోగ్రాంలో ఉండొచ్చని తోచింది కానీ ఒప్పుకోవడానికి నోరు రాలేదు. శారదక్క నన్ను నమ్మింది.

ఐదో రోజు మాత్రం, "హైదరాబాద్ పో. దుకాణంల వాళ్ల కంప్యూటర్ ముందర కూసో" అంది.

"ఈడికెళ్లే చూస్త గదక్కా."

"పంపేటోళ్లకు ఏం తెలుస్తది? తీస్కునేటోళ్ల దిక్కు కూసుంటే తెలుస్తది."

కొత్తకోట దాటేదాకా బస్సులో మూతి ముడుచుకునే కూర్చున్నాను. దుకాణానికి చేరాక ఆమె గద్వాల నుంచి ఫైలు పంపింది. సగంలో ఆగింది. వెంటనే ఆమె ఫోన్ చేసింది.

"నా దిక్కు ఆగిందని చూపిస్తున్నది. అవతల నిండిందంట, ఖాళీ అయినంక చెప్తరంట. నీ దిక్కు ఏముంది?"

తెర చూశాను. "ఖాళీగనే ఉందక్కా. నువ్వు పంపుతవని చూస్తున్నది."

ఆమె, "అయితే లైన్ ఏం చేసింది?" అంది. లైబ్రరీ కోడ్ వరుసవరుసా చదివాక తెలిసింది.

అవతలి కంప్యూటర్‌లో తీసుకునే చోటు నిండితే ఆపమని, ఖాళీ అయితే పంపమని కబురు రావాలి. ఆపమన్న కబురును లైబ్రరీ రాసుకునేలోపే ఒక్కోసారి పంపమన్న కబురు కూడా వచ్చేసేది. తానింకా ఆగనే లేదు కదా అని దాన్ని పారేసి, ఆపమన్నది తీరిగ్గా రాసుకుని కూర్చునేది. మళ్లీ పంపమని చెప్పేవాళ్లెవరూ ఉండరు. రెండు వైపులా ఒకరి కోసం ఒకరు ఎదురుచూస్తూ ఉండిపోయేవారు. రెండు రోజుల్లో సరిచేసి, లైబ్రరీ రాసినవాళ్లకూ తెలియజేశాను. అప్పటికే దుకాణం వాళ్లు ఆర్డరు ఇంకొకరికి ఇచ్చేశారు.

శారదక్క నన్ను వెంటబెట్టుకుని వెంకటేశం మామ ఇంటికి వెళ్లింది. ఆయన ఖాళీ మగ్గం ముందు, దాని కింది గుంతలో కాళ్లు పెట్టుకుని కూర్చున్నాడు. "మామా, తప్పు లైన్‌ది కాదు. మా ప్రోగ్రాంది" అంది ఆమె. నా పేరెత్తలేదు, నా వైపు చూడలేదు.

ఆయన కోప్పడలేదు. "ఆర్డర్ పోతే ఇంకోటొస్తది తియ్. గాని ఎందుకాగిందో తెల్వదని మొదటి దినమే అంటే, డిజైన్ చేతుల పట్టుకొని నేనే బస్సెక్కి పోతుంటి గద" అన్నాడు.

తిరుగుదారిలో శారదక్క మర్నాటి పనుల సంగతే మాట్లాడింది. తిట్టినా బాగుండేది, అంత సిగ్గుపడ్డాను.

ఇన్నేళ్ల తర్వాత కూడా, ఏదో ఆగిపోయిందని ఎవరైనా ఫోన్ చేస్తే నా నోటికి మొదట వచ్చేది లైన్ అన్న మాటే. దాన్ని మింగేసి, "ఎందుకో నాకింకా తెలియదు. మీ దగ్గరికి వస్తున్నాను" అంటాను.