జంటలో రెండో తుపాకీ

బాబా పోయిన కబురు నాకు షువైఖ్‌లో తెలిసింది. బండి సర్వీసుకిచ్చి గ్యారేజీ బయట నిలబడి ఉన్నాను. ఫోన్ చేసింది మా ఇంట్లో వంట చేసే అక్క. ఆమెది రాయచోటి దగ్గర పల్లె.

"తమ్ముడా, బాబా పోయినాడు" అంది.

"ఏందక్కా నువ్వనేది? పొద్దుగాల నాతోని మాట్లాడిండు గద!"

"మద్దేనం నమాజు జేసుకోని కుర్చీలో కూచున్నాడు. కూచున్నోడు కూచున్నట్టే పోయినాడు. నువ్వు బిన్నా రా నాయనా, మామా ఒకటే ఏడుస్తాంది."

మీతో అబద్ధం ఎందుకు? నాకు వెంటనే ఏడుపు రాలేదు. హమ్మయ్య, ఆ తుపాకీ సంగతి తేలాకే పోయాడు కదా అనిపించింది. ఏడుపు ఆ తర్వాత, బండి స్టార్ట్ చేసి వెనక సీటు ఖాళీగా చూశాక వచ్చింది.

కువైట్‌లో ఇళ్లలో పనిచేసే మేం యజమానిని బాబా అంటాం, యజమానురాలిని మామా అంటాం. నాకు వీసా ఇచ్చిన కఫీల్ ఆయనే. జగిత్యాల దగ్గరి పల్లె నుంచి డ్రైవరుగా వచ్చి, ఆయన ఇంట్లోనే తల నెరిసినవాణ్ణి నేను. వేరే ఇళ్ల డ్రైవర్లు మార్కెట్‌కీ బడికీ తిరిగితే, నేను ఒక తుపాకీ కోసం తిరిగాను.

బాబా తండ్రి పాతకాలం వర్తకుడు. పడవల మీద ఖర్జూరం బొంబాయికి తీసుకెళ్లి, బియ్యం, కలప తెచ్చేవాడట. చిన్నప్పుడు ఆయన వెంట పడవెక్కి వెళ్లి బాబా హిందీ నేర్చుకున్నాడు. ఆ తండ్రి బొంబాయిలో ఒక దొర దగ్గర జంట తుపాకులు కొన్నాడు. ఇంగ్లండులో ఒకే చెట్టు కర్రతో, జతగా చేసిన డబుల్ బ్యారెల్ తుపాకులు. రెండు గొట్టాల నడుమ సన్నని పట్టీ మీద ఒకదానికి బంగారంతో ఒకటి అని, రెండోదానికి రెండు అని అంకె వేసి ఉంటుంది. రెంటికీ కలిపి ఒకటే తోలు పెట్టె, లోపల ఎర్ర బట్ట పరిచి రెండు గూళ్లు.

ఇరాక్ సైన్యం కువైట్ మీద పడ్డ రోజున ఒకటో తుపాకీ పెట్టెతో సహా ఊరి బయట వాళ్ల తోటలో ఉండి బతికిపోయింది. రెండోది ఊళ్లో ఇంట్లో ఉంది. సైనికులు ఇల్లు దోచుకుంటూ దాన్నీ పట్టుకుపోయారు.

పాత తుపాకులు కొని గోడలకు తగిలించుకునే సరదా ఇక్కడ చాలామంది కువైటీలకు ఉంది. బాబాదీ అదే పిచ్చి అనుకున్నాను మొదట్లో. ఒకరోజు ఆయనే చెప్పాడు. ఆయన మాటలు బొంబాయి హిందీ, మధ్యలో అరబ్బీ. నేను తెలుగులో రాస్తున్నాను.

"మా నాన్న దానితో పిట్టల్ని కొట్టాడు బేటా. మనిషి వైపు ఎప్పుడూ గురిపెట్టలేదు. ఆ సైనికులు దానితో ఎవరిని కాల్చారో? మా ఇంట్లోంచి పోయిన తుపాకీతో ఏ తల్లి కొడుకు పోయాడో? అది తెలియాలి నాకు. అది ఎవరి దగ్గరుంటే వాళ్లకు తెలుస్తుంది."

అదీ ఆయన మనసును పీకుతున్న సంగతి. కొడుకులకు చెప్పలేదు. వాళ్లు పెద్ద ఉద్యోగాల్లో ఉన్నారు, నవ్వుతారని భయం కాబోలు.

ఎక్కడైనా పాత ఇంగ్లీషు తుపాకీ ఉందని ఫోన్ వస్తే చాలు, బాబా మనిషే మారిపోయేవాడు. మోకాళ్ల నొప్పులు ఎటు పోయేవో. "యల్లా బేటా, యల్లా!" అంటూ నాకంటే ముందే బండి దగ్గర నిలబడేవాడు. పోల్చి చూడటానికి ఒకటో తుపాకీ పెట్టె, దాని లైసెన్సు కాగితాలతో సహా వెనక సీట్లో తన పక్కన ఉండాల్సిందే. దారంతా కారు తలుపు మీద వేళ్లతో తాళం వేసేవాడు. నిజం చెప్పాలంటే నాకూ హుషారుగానే ఉండేది. ఇవాళ దొరుకుతుందేమో అనుకుంటూ సిగ్నళ్ల దగ్గర చిరాకుపడేవాణ్ణి.

తుపాకీ చేతికి రాగానే ముందు అంకె చూడడు. చూడాలంటే భయం. గొట్టాలు విడదీసి, ఒక వేలికి వేలాడదీసి, గోటితో కొట్టేవాడు. మంచి పనితనమైతే గుడిగంటలా మోగుతుంది, అతుకు వదిలిందైతే మొద్దుగా పలుకుతుంది. "తుపాకీని ముందు చెవితో చూడాలి" అనేవాడు. ఆ తర్వాతే పట్టీ మీద వేలు పెట్టి అంకె కోసం తడిమేవాడు.

హవల్లీలో ఒకరి ఫ్లాట్‌కు మూడంతస్తులు ఎక్కి వెళితే, అది పిల్లలు గురిచూసి డబ్బాలు కొట్టుకునే ఎయిర్ గన్. ఖైతాన్‌లో ఒక వర్క్‌షాప్ వాడు చూపించింది నిన్నగాక మొన్న చేసింది. పాతదిగా కనిపించాలని టీ డికాక్షన్‌లో నానబెట్టాడట, కర్ర ఇంకా వాసన కొడుతోంది. వఫ్రా తోటలో ఒకాయన దగ్గర నిజంగానే ఇంగ్లీషు తుపాకీ ఉంది, గొట్టం గంటలా మోగింది. బాబా వేలు పట్టీ మీదికి వెళ్లింది. అంకె లేదు. ఆ రోజు ఆయన మొహం చూడలేకపోయాను. అయితే దొరకలేదన్న దిగులు వెనక, చెడ్డ మాట వినాల్సిన పని ఇవాళ్టికి తప్పిందన్న తెరిపి కూడా ఉండేదేమో అని నాకు అనుమానం.

 తిరుగు దారిలో ఇరానీ రొట్టెల బట్టీ దగ్గర బండి ఆపించేవాడు. వేడి రొట్టె సగం చింపి ముందు సీటుకు అందించి, "ఖలాస్. తిను" అనేవాడు. నాకిచ్చేది ఎప్పుడూ పెద్ద సగమే.

ఇక్కడ నా ఘనకార్యం ఒకటి చెప్పాలి. కొత్తలో సాల్మియాలో ఒకరి ఇంటికి వెళ్లాం. మగవాళ్లు అతిథులతో కూర్చునే గదిని దివానియా అంటారు. పెట్టె మోసుకొచ్చిన నన్నూ కూర్చోబెట్టి కాఫీ పోశారు. ఊరికే కూర్చోక, ఇత్తడి కాఫీ కూజా చూసి నాకొచ్చిన అరబ్బీలో "వల్లా, చాలా బాగుంది" అన్నాను. ఇంటాయన వెంటనే కూజాలోని కాఫీ ఒంపేసి, "తఫద్దల్, నీదే" అంటూ నా ముందు పెట్టాడు. నేను సంతోషంగా ఒళ్లో పెట్టుకున్నాను. బాబా కళ్లు మూసుకున్నాడు.

బండెక్కాక కడుపు పట్టుకుని నవ్వాడు. "అతిథి పొగిడితే ఇంటివాడు ఇవ్వాలి. అది మా మర్యాద. ముమ్మారు వద్దనడం అతిథి మర్యాద. నువ్వు మొదటిసారికే లాక్కున్నావే!" ఒకసారి తీసుకున్నాక వెనక్కి ఇస్తే అవమానం. దానికి తగిన కానుక మనమూ ఇవ్వాలి. మర్నాడు ఆ ఇంటికి బాబా ఒక మంచి తివాచీ పంపాడు.

"తుపాకీ చూడటానికి పోయినప్పుడు మాత్రం ఒక్క మాట పొగడకు" అని అప్పుడే హెచ్చరించాడు. "పొగిడితే వాడు ఊరికే ఇస్తానంటాడు, నేను వద్దనాలి. ఇక బేరమే ఉండదు."

వంటింట్లో అక్కకు ఈ సంగతి తెలిసి వారం రోజులు వదల్లేదు. "నోటికి గుడ్డ కట్టుకోని పో తమ్ముడా. రేపు వాళ్ల ఒంటె బాగుందన్యావంటే తోలకొచ్చి యాడ కట్టేస్తావు?"

పోయిన చలికాలం జహ్రా నుంచి ఫోన్ వచ్చింది. వెళ్లాం. బాబా వయసే ఉన్న పెద్దాయన, సాదా దివానియా, గోడకు ఒకటే తుపాకీ. తీసి ఇచ్చాడు. బాబా గొట్టాలు విడదీసి గోటితో కొట్టాడు. మోగింది. పట్టీ మీద వేలు పెట్టాడు. వేలు అక్కడే ఆగిపోయింది. నేను వంగి చూశాను, బంగారు రెండు అంకె.

"ఇది మీకు ఎలా వచ్చింది?" అని అడిగాడు. 

పెద్దాయన కాఫీ పోస్తూ తాపీగా చెప్పాడు. దాడి మొదలైన రోజుల్లోనే వీళ్ల కుటుంబాలు ఎడారి దారి పట్టాయి. దారిలో ఒక ఇరాకీ సైనికుడు, మీసాలు కూడా సరిగా రాని పిల్లాడు, నీళ్లకు అల్లాడుతూ ఎదురయ్యాడు. ఈయన అన్న నీళ్ల డబ్బా ఇచ్చి తుపాకీ తీసుకున్నాడు. "ఏదో ఇంట్లో ఎత్తుకొచ్చాను, తూటాలు దొరకలేదు, ఒక్కసారీ పేల్చలేదు, మోయలేక చస్తున్నాను" అన్నాడట ఆ పిల్లాడు.

"మాకూ తూటాలు దొరకలేదు" అని పెద్దాయన నవ్వాడు. "ఉత్త తుపాకీ భుజాన వేసుకుని మా అన్న నెలల తరబడి ఆడవాళ్ల గుడారాలకు కాపలా కాశాడు. అది ఉత్తదని మా ఆడవాళ్లకు కూడా తెలియదు. అన్న పోయాడు. ఇది ఉంది."

బాబా తల వంచుకున్నాడు. గడ్డం మీద నీళ్లు కారుతున్నాయి. మరి ఏమైందో, నాకు నేర్పిన పాఠం తానే మరిచిపోయి, "ఇంత మంచి తుపాకీని నేను పుట్టి బుద్ధెరిగి చూడలేదు" అనేశాడు.

పెద్దాయన మొహంలో ఒక్క క్షణం రంగు మారింది. వెంటనే తుపాకీని బాబా ఒళ్లో పెట్టాడు. "తఫద్దల్. నీదే."

బాబా ముమ్మారు వద్దన్నాడు. తీసుకోవాల్సిందేనని ఆయన ముమ్మారు ఒట్టేశాడు. ఇది మా నాన్నదే అందామా, పోయిన అన్నను దొంగసొత్తు కొన్నవాణ్ణి చేసినట్టు అవుతుంది. డబ్బిస్తే ఇంకా అవమానం. తీసుకెళితే ఆ గోడ బోసిపోతుంది. నేను మాత్రం తీసుకో బాబా, తీసుకో అని మా కొండగట్టు అంజన్నకు మొక్కుకుంటున్నాను.

"పెట్టె తే బేటా" అన్నాడు.

తెచ్చి మూత తెరిచాను. ఒకటో తుపాకీ పక్కన ఖాళీ గూట్లో రెండోదాన్ని పెట్టాడు. ఎక్కడా బిగవలేదు, నొక్కాల్సి రాలేదు, దాని చోట్లో అది కూర్చుంది. కాసేపు అలాగే చూశాడు. మూత వేసి, పెట్టెను రెండు చేతులతో పెద్దాయన ముందుకు జరిపాడు.

"నీ కానుక నేను తీసుకున్నాను. ఇది నా కానుక. ఇవి అన్నదమ్ములు, విడదీయకు. నీ అన్న కాపలా కాసిన ఇంట్లోనే ఉండనీ."

మూత తెరిచి రెండు అంకెలూ చూశాక, అది ఎవరింటి తుపాకీయో పెద్దాయనకు అర్థమైంది. లేచి బాబా నుదురు ముద్దు పెట్టుకున్నాడు.  లైసెన్సు మార్పిడి పనంతా తర్వాత బాబా పెద్దకొడుకు చూసుకున్నాడు.

మొన్న పరామర్శకు ఆ పెద్దాయన వచ్చాడు. కొడుకుల దగ్గర కూర్చుని లేచి, పోతూ పోతూ నా భుజం తట్టాడు. చాలాసేపు నా చేయి వదల్లేదు.

ఆ రోజు జహ్రా నుంచి వస్తూ నేను ఊరుకోలేకపోయాను. "ఇన్నేండ్లు తిరిగి, దొరికింది ఇచ్చేసి వస్తివేంది బాబా?" అన్నాను, తెలుగులోనే. కోపంలో హిందీ రాలేదు. ఆయనకు ఏమర్థమైందో గానీ, "ఒక్కసారీ పేలలేదట బేటా, విన్నావా?" అన్నాడు. కాసేపటికి మళ్లీ, "ఒక్కసారీ పేలలేదట" అన్నాడు. ఆ తర్వాత ఏదో గురగుర వినిపించింది. భయపడి అద్దంలో చూశాను. తల వెనక్కి వాల్చి, నోరు తెరుచుకుని, చిన్నపిల్లాడిలా గురక పెడుతున్నాడు. ఇల్లు వచ్చింది. గేటు దగ్గర మామా నిలబడి ఉంది. నేను ఆపలేదు. కిటికీ అద్దం దించి, లేపొద్దని చేత్తో సైగ చేసి, మెల్లగా ముందుకు పోనిచ్చి మళ్లీ రింగ్ రోడ్డు ఎక్కాను.