బొక్క మూసిన బాక్సు

మా అమ్మ ఎడమ చెవి పోయింది నాన్న దెబ్బకే. కాఫీ గింజలు ఆరబోసిన కళ్లంలో, అందరూ చూస్తుండగా, అరచేత్తో ఒక్కటి కొట్టాడు. చెవిలోంచి సన్నగా రక్తం కారింది. ఆ రోజు ఆయన తాగి లేడు. తాగి ఉంటే బాగుండేదని చాలాసార్లు అనుకున్నాను. చెప్పుకోవడానికి ఒక కారణమైనా ఉండేది.

నిరుడు నాన్న అరకులో యాంప్లిఫయరూ, ఎనిమిదంగుళాల స్పీకరూ కొని, వడ్రంగి చేత సిల్వర్ ఓక్ చెక్కతో బాక్సు చేయించాడు. స్పీకర్ కింద గుండ్రటి బొక్క, దానిలో జానెడు పైపు ముక్క. డప్పు పాట పెడితే ఆ బొక్కలోంచి గాలి కొట్టేది, గోడకు వేలాడే తట్టలు అదిరేవి. నాన్నకు అదే కావాలి. అమ్మకు మధ్యాహ్నం రేడియోలో వచ్చే కథ కావాలి. అందులో కథ పెడితే, చదివే ఆయన గొంతు కుండలోంచి వచ్చినట్టుండేది.

"ఆయనకి నోట్లో పళ్లు లేవేటే?" అనేది అమ్మ. ఒక్క చెవితో మాటలు ఏరుకోలేక, సగంలో లేచి పొయ్యి దగ్గరికి వెళ్లిపోయేది.

నాకు ఎవరినీ అడగడం చేతకాదు. ఫోన్‌లో చదివి, డైరీలో బొమ్మలు గీసుకుని తెలుసుకున్నాను. బొక్క ఉన్న బాక్సులో లోపలి గాలి ఒక లోతు స్వరం దగ్గర స్పీకర్‌తో కలిసి ఊగుతుంది. డప్పు దెబ్బ ఆగాక కూడా కాసేపు ఊగుతూనే ఉంటుంది. మగగొంతు ఆ మోతలో మునిగిపోతుంది. అంతా మూసిన బాక్సులో గాలికి దారి లేదు. ఆ గాలే స్ప్రింగులా స్పీకర్‌ను పట్టి ఆపుతుంది. లోతు తగ్గుతుంది కానీ మాట విడివిడిగా తేలుతుంది.

ఒక ఆదివారం నాన్న తోటకు వెళ్లినప్పుడు పైపు ఊడదీసి, బొక్కకు చెక్క మూత బిగించి, అంచుల చుట్టూ తేనెమైనం కరిగించి పోశాను. ఆ మధ్యాహ్నం కథలో నవ్వాల్సిన చోట అమ్మ నాకంటే ముందు నవ్వింది.

"పళ్లు కట్టించుకున్నాడే," అంది.

సాయంత్రం నాన్న వచ్చి పాట పెట్టాడు. కాసేపు విన్నాడు.

"డప్పు సచ్చిపోనాదేటి? బొక్క ఎవులు మూసినారు?"

"నానే అయ్యా. అమ్మకి మాటలు ఇనపడ్డం లేదని."

"ఇనపడితే ఏటి సేస్తాది? పంచాయితీ సెప్తాదా?"

జుట్టు పట్టుకుని నన్ను గోడకేసి కొట్టాడు. పెదవి చిట్లి నోరంతా ఉప్పగా అయింది. కత్తి తీసి మూత మీద నరికాడు. రెండో వేటుకు మూత చీలింది, కత్తి చెక్కలో ఇరుక్కుపోయింది. అమ్మ వచ్చి బాక్సుకు అడ్డంగా నిలబడింది.

"నరక్కు. దాన్ని నాను ఇంటన్నాను."

ఆయన కుడి చెయ్యి ఇంకా కత్తి పిడి మీదే ఉంది. ఎడమ చెయ్యి ఎత్తాడు, అమ్మ కుడి చెవి వైపు.

ఆలోచించకుండా చేశానని రాస్తే అబద్ధం. ఆ చెవి కూడా పోతే ఇక నా గొంతు ఆమెకు ఉండదని ఆలోచించాను. పక్కనున్న రోకలి అందుకుని ఆయన మోచేతి కింద కొట్టాను. పచ్చి కర్ర విరిగినట్టు చప్పుడైంది. చెయ్యి వేలాడిపోయింది. ఆయన కూలబడ్డాడు. నేను మళ్లీ ఎత్తాను. అమ్మ నా నడుం పట్టుకుని వెనక్కి లాగింది.

"సాలే గుంటా. సాలు."

ఆస్పత్రిలో ఎలా విరిగిందని అడిగారు. తోటలో జారి పడ్డాడంది అమ్మ. నాన్న తల ఊపాడు. నలుగురిలో నోరు పెగలని నేను, "రోకలితో నేనే కొట్టాను," అన్నాను. కట్టు కట్టే ఆయన వినపడక మళ్లీ అడిగాడు. మళ్లీ చెప్పాను.

కొత్త మూత బిగించాను. కట్టు విప్పాక కూడా నాన్న దాన్ని ముట్టుకోలేదు. మధ్యాహ్నం కథ వస్తుంటే గుమ్మంలో కూర్చుని ఆయనా వింటాడు. అమ్మ నవ్వుతుంది. నేను మాత్రం రోకలి ఎక్కడుందో చూసుకున్నాకే కూర్చుంటాను.