డబ్బాకో దారం

గత నెల చివరి మంగళవారం ఉదయం ఏడు గంటల ఇరవై నిమిషాలకు నంద్యాలలోని ఒక ఆసుపత్రిలో ఆయన చనిపోయారు. ఊపిరితిత్తుల్లో నీరు చేరిందని డాక్టర్లు చెప్పారు. అహోబిలం కొండల్లో మొదట డోలీ మోసి, తర్వాత కొండ కొసన ఉన్న ఉగ్రస్తంభానికి దారి చూపించి బతికిన మనిషి. వయసు డెబ్బైకి దగ్గర. ఆ ఉదయానికి ఆళ్లగడ్డలో ఒక లాడ్జి కౌంటరు వెనక గోడ మీద, ప్లాస్టిక్ తొడుగు వేసిన వార్త ముక్క ఒకటి అంటించి ఉంది. అందులో ఆయన ఫొటో. దాని కింద నీలం పెన్నుతో 'ఈ మనిషితో కొండకు పోవద్దు' అని ఎవరో రాశారు. ఆ వార్త తప్పు. రాసింది నేను.

కొండ కింద జీపుల వాళ్లు, డోలీల వాళ్లు అందరూ ఆయన్ను పెద్దాయన అనేవారు. నేనూ అలాగే రాస్తాను.

ఆ వార్త ఆరేళ్ల కిందటిది. ఎగువ అహోబిలం నుంచి పైకి పోయే దారిలో బీరు డబ్బాలు పెరిగిపోయాయని ఫిర్యాదులు వస్తుండేవి. బెంగళూరు నుంచి, హైదరాబాదు నుంచి కుర్రాళ్లు శని, ఆదివారాల్లో దిగి, కొండెక్కి, తాగి, వాగు పక్కనే పారేసి పోతున్నారని. నేను ఒక శనివారం ఉదయం ఆరున్నరకు మెట్ల దగ్గరికి వెళ్లి టీ బంకు పక్కన నిలబడ్డాను. చూసింది చూసినట్టు రాసుకున్నాను. ఒక ముసలాయన రాయి మీద కూర్చున్నాడు. ఎదురుగా ఎనిమిది మంది కుర్రాళ్లు. ముందు నిండు బీరు డబ్బాలు. ఆయన ఒక్కో డబ్బా నడుముకు ఎర్ర దారం చుట్టి, ముడేసి, వాళ్ల చేతికి ఇస్తున్నాడు. సాయంత్రం నాలుగింటికి అదే మనిషి గోతం భుజాన వేసుకుని దిగాడు. గోతంలో ఖాళీ డబ్బాలు, వాటికి అవే దారాలు. ఫొటో తీశాను.

'కొండ మీద బీరు దందా' అని శీర్షిక వచ్చింది. 'డబ్బాకో దారం గుర్తు కట్టి అమ్మకం' అన్నది నా వాక్యమే. జీపు డ్రైవరును అడిగాను. టీ బంకు ఆవిడను అడిగాను. గైడుగా పనిచేసే మరొకతన్ని అడిగాను. ఆ ముగ్గురూ దారం సంగతి తెలియదన్నారు, ముసలాయన దగ్గర ఎప్పుడూ డబ్బాలు ఉంటాయని మాత్రం చెప్పారు. పెద్దాయనను అడగలేదు. అడిగితే జాగ్రత్తపడతాడు, ఫొటో దొరకదు అనుకున్నాను. మా వృత్తిలో ఈ మాట చాలాసార్లు అనుకుంటాం. దాన్ని మెళకువ అని కూడా అంటాం.

వార్త వచ్చిన వారానికి జీపుల వాళ్లు ఆయన దగ్గరికి జనాన్ని పంపడం మానేశారు. లాడ్జి వాళ్లు ముక్క కత్తిరించి గోడకు పెట్టారు. అరవై దాటిన మనిషి మళ్లీ డోలీ కిందికి వెళ్లాడు. ఈ చివరి సంగతి నాకు ఏడాది తర్వాత గానీ తెలియలేదు. వార్త రాశాక ఆ దారిలో ఏం జరిగిందో చూడడానికి నేను వెళ్లలేదు కనుక.

వెళ్లింది వేరే పని మీద. మా బావమరిది బెంగళూరులో ఉద్యోగం చేస్తాడు. వాడూ, వాడి ఆఫీసు వాళ్లు ముగ్గురూ ఉగ్రస్తంభం ఎక్కుదామని వచ్చారు. నేనూ బయలుదేరాను. ఆ రోజు గైడ్లంతా వేరే గుంపులతో వెళ్లిపోయారు. డోలీలకు గిరాకీ లేక మెట్ల దగ్గర కూర్చున్న ఒక పెద్దమనిషిని బావమరిది మాట్లాడుకుని తీసుకొచ్చాడు. నేను చూసేసరికి పెద్దాయన మా ముందు నిలబడి ఉన్నారు. ఫొటో తీసిన రోజు చూసినట్టున్నారు, నన్ను గుర్తుపట్టారు. నాకు తెలిసింది. 

"బీర్లు ఉండాయా?" అన్నారు మా వాళ్లతో.

మా వాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. "లేవు తాతా" అన్నాడు ఒకడు.

"ఉంటే బయట పెట్టండప్పా. నేనేం పోలీసునా? దాపెట్టి తెచ్చినోడు దాపెట్టే పారేస్తాడు. బయట పెట్టి తెచ్చినోడు దించక తప్పదు. గుడి గంట ఇనపడేంత దూరం ముట్టగూడదు, అంతే."

అయిదు డబ్బాలు బయటికి వచ్చాయి. ఆయన నడుము దగ్గరి సంచిలోంచి దారం చుట్ట తీశారు. బియ్యం గోతం మూతి కుట్టిన దారం. కొస పట్టుకుని లాగితే గొలుసులా ఊడి మూరలకు మూరలు వస్తుంది. ఆళ్లగడ్డ బియ్యం అంగళ్లలో అడిగి తెచ్చుకునేవారు. ఎరుపు, నీలం, తెలుపు. గుంపుకో రంగు. ఎన్ని డబ్బాలకు కట్టారో అన్ని కింద విప్పించుకునేవారు. ఒకటి తగ్గితే ఏ గుంపుదో దారం రంగు చెప్పేది. మాకు ఎర్రది వచ్చింది. నా డబ్బాకు కూడా కట్టి, ముడి బిగించి, నా చేతిలో పెట్టారు. ఆ ముడి పడుతుండగా నేను రాసిన వాక్యం గుర్తొచ్చింది. అమ్మకానికి గుర్తు కాదది, మళ్లీ కిందికి తేవడానికి.

దారిలో ఆయన మాట్లాడుతూనే ఉన్నారు, మా వాళ్లతో. ఆయన జన్మలో బీరు రుచి చూడలేదు. అయినా ఎవరేం తాగుతారో ఆయనకు తెలిసినంత నాకు తెలిసిన వైన్ షాపు వాళ్లకు కూడా తెలియదు. హైదరాబాదోళ్లు స్ట్రాంగ్ తెస్తారట. నంద్యాల, ఆళ్లగడ్డ పిల్లోళ్లు సీసాలు. సీసాలంటే ఆయనకు కోపం, నలగవు, పగిలితే ఏరలేం అని. బెంగళూరోళ్లవి పొడుగు డబ్బాలు.

"దాంట్లో ఏముంటాదప్పా, నారింజ తొక్క వాసనొస్తాది?"

"గోధుమ బీరు తాతా" అన్నాడు మా బావమరిది.

"గోధుమలా? మా ఇంట్లో రొట్టెకే చాలవు, మీరు తాగుతాండారా!"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, కానీ ఆలస్యంగా.

డబ్బాలు ఏరడం ఎందుకు మొదలుపెట్టారని బావమరిది అడిగాడు. డోలీ మోసేవాళ్లు ఉత్త కాళ్లతో నడుస్తారట. ఒకసారి వాళ్ల నలుగురిలో ముందున్న మనిషి చినిగిన బీరు డబ్బా మీద కాలు వేశాడు. డోలీలో ఒక అవ్వ ఉంది. డోలీ లోయ వైపు ఒరిగింది. బరువంతా పెద్దాయన ఎడమ భుజం మీద పడింది. "అవ్వకేం గాలేదు. రామా రామా అనుకుంటా దిగిపోయింది. మావోనికి కాలు మూడు నెల్లు మానలే. నాకు ఈ బుజం అప్పటినుంచే." ఆ భుజంతోనే మళ్లీ డోలీ మోస్తున్నారని ఆయన చెప్పలేదు. కింద మమ్మల్ని దించిన జీపు డ్రైవరు ముందే చెప్పాడు, నేనెవరో తెలియక.

పైన ఒక బండ మీద కూర్చుని మా వాళ్లు తాగారు. నేనూ తెరిచాను. అది చేదు బీరు. మా బావమరిది వాళ్లు అదే తాగుతారని నేనూ అదే పట్టుకొచ్చాను. నాకు నచ్చలేదు. సగం తాగి పక్కన పెట్టాను. లేచేటప్పుడు కాలు తగిలి అది బండల సందులోకి దొర్లిపోయింది. కిందికి చూశాను. రెండు నిలువుల లోతు. "పోనీలే" అన్నాను. ఎవరూ వినలేదనుకున్నాను.

దిగే ముందు పెద్దాయన దారాలు చూసుకున్నారు. నాలుగే. మా వాళ్లను ముందు పొమ్మన్నారు. నన్ను ఆగమన్నారు. పంచె పైకి దోపుకుని, కుడి చేత్తో వేరు పట్టుకుని, ఆ సందులోకి దిగారు. నేను పైన నిలబడి చూశాను. దిగుతానని అనలేదు. పది నిమిషాలకు డబ్బాతో పైకి వచ్చారు. ఇంకా అందులో కొంత బీరు ఉంది. నేల మీద ఒంపి, నలిపి, గోతంలో వేశారు.

"బాగుండాదని తాగినోడు డబ్బా దించుతాడప్పా. పక్కోడు తాగుతాండాడని తాగినోడు సగంలో వదిలేస్తాడు. సగం డబ్బా బరువు గదా, మోయబుద్ధి గాదు."

"పెద్దాయనా, ఆ వార్త..." అన్నాను.

"చూసినా. మా పాప చదివి చెప్పింది. నువ్వు రాసిండేది అబద్ధమేం గాదు. దారం కట్టింది నిజం, గోతం నిజం. నన్నడిగింటే చెప్పేటోణ్ణి గదా."

"తప్పయింది."

"అయింది. ఆళ్లగడ్డ లాడ్జిలో కాగితం పెట్టినారు. వచ్చినోళ్లందరూ చూస్తాండారు. అది తీపియ్యి చాలు. నాకింకేం వద్దు."

తీయిస్తానని మాట ఇచ్చాను.

మర్నాడే లాడ్జికి వెళ్లాను. యజమాని మర్యాదగానే మాట్లాడాడు. "అన్నా, నువ్వు పేపర్లో రాస్తే పెట్టినా. పేపర్లో తప్పని రాయి, ఆ నిమిషమే తీసేస్తా. ఊరికే తీసేస్తే రేప్పొద్దున ఇంకోడొచ్చి నన్నడుగుతాడు." అతను అడిగింది న్యాయం. ఆఫీసుకు వచ్చి, సవరణ వేద్దామా అని డెస్కులో అడిగాను. "ఎవరూ కేసు పెట్టలేదు, నోటీసు ఇవ్వలేదు. ఇప్పుడు మనమే తవ్వుకోవడం దేనికి?" అన్నారు. నేను వాదించలేదు. నాకు ఆ వార్తకు ఆఫీసులో మెప్పు వచ్చింది. వాదించకుండా ఉండడానికి అంతకంటే వేరే కారణం చెప్పుకోలేను. డెస్కు కాదన్నప్పుడు నాకు బాధ కంటే ఊరట ఎక్కువ కలిగింది. ఇది కూడా రాయాలి కనుక రాస్తున్నాను.

తర్వాత ఎన్నికలు. తర్వాత వరదలు. తర్వాత నాకు బదిలీ, మళ్లీ నంద్యాలకు రావడం. ఈ అయిదేళ్లలో పెద్దాయన నాకు ఆళ్లగడ్డ బస్టాండులో మూడుసార్లు కనిపించారు. మొదటిసారి, "కాగితం ఉండాదప్పా ఇంకా" అన్నారు. రెండోసారి, "ఏమప్పా, తొందరగానే తీపిస్తివే!" అని నవ్వారు. చేయలేదని ఆయనకు తెలుసు. మూడోసారి ఆ మాట ఎత్తలేదు. మా ఇంట్లో బియ్యం ఏ అంగట్లో తెస్తామని అడిగి, గోతం దారం పారేయొద్దని చెప్పారు. ఆ రోజు ఆయన ఎడమ చెయ్యి భుజం దాటి లేవడం లేదు.

ఆ తర్వాత మా ఇంట్లో గోతం విప్పిన ప్రతిసారీ దారం దాచాను. ఒక్కసారి కూడా తీసుకెళ్లి ఇవ్వలేదు. ఇస్తే కాగితం సంగతి చెప్పాల్సి వస్తుంది.

చావు కబురు నాకు ఆ జీపు డ్రైవరే చెప్పాడు. పదకొండో రోజు కార్యానికి దిగువ అహోబిలం వెళ్లాను. ఆయన కూతురు అక్కడే గుడి ముందు పూలు అమ్ముతుంది. ఆ వార్తను చదివి వినిపించిన పాప ఆమే. ఇల్లు రెండు గదులు. తలుపు వెనక వరసగా మూడు మేకులు, ఒక్కోదానికి ఒక్కో రంగు దారం చుట్టలు. మా ఇంటి దారం పొట్లం నా జేబులో ఉంది. అది ఆమెకు ఇచ్చాను. ఆమె ముఖం తిప్పుకోలేదు. అదే కష్టమనిపించింది.

"నాయన నీ మీద కోపంగా లేకుండె అన్నా. నేనుండా" అంది. "ఆస్పత్రికి పోయేటప్పుడు గూడా జీపును లాడ్జి ముందర ఆపమన్నాడు. లోపలికి పోలే. కిటికీలోంచి చూసి, సరే పదండి అన్నాడు."

ఆ జీపు నంద్యాల పోవడానికి లాడ్జి దారిన పోనక్కర్లేదు. నాకు ఆ వీధులు తెలుసు.

అందుకే ఇది రాస్తున్నాను. ఈసారి డెస్కులో ఎవరినీ సలహా అడగలేదు, ఇది వేస్తారా వేయరా అని మాత్రమే అడిగాను. వేస్తామన్నారు. కనుక స్పష్టంగా చెప్పవలసింది: ఆరేళ్ల కిందట నేను రాసిన ఆ వార్తలోని మనిషి కొండ మీద ఏనాడూ బీరు అమ్మలేదు. ఎక్కేవాళ్లు తెచ్చుకున్న డబ్బాలకు దారం కట్టి, అన్నీ తిరిగి దించేవాడు. ఆయనను అడగకుండా రాశాను. తెలిశాక కూడా అయిదేళ్లు సరిదిద్దలేదు. రెండోది మొదటిదాని కంటే పెద్ద తప్పు.

ఆసుపత్రికి పోకముందే బెంగళూరు నుంచి పదకొండు మంది ఫోన్ చేసి పెద్దాయనను మాట్లాడుకున్నారట. వాళ్లు లాడ్జిలో దిగరు, కాగితం చూడలేదు. వాళ్ల కోసం పెద్దాయన నీలం దారం చుట్ట ఒకటి విడిగా తీసి, ఇంటి కిటికీలో పెట్టి పోయారు. వాళ్లను కూతురే తీసుకెళ్తుంది. చిన్నప్పటి నుంచి ఆ దారి ఎరిగిన మనిషి. నేనూ వస్తానన్నాను.

"ఏం తెస్తావో ముందే చెప్పల్ల. దారం కట్టల్ల" అంది.

"నీళ్ల సీసా."

"దానికి గూడా కడతా."

ఈ పేజీ మీరు చదివే ఆదివారం ఉదయం ఆరింటికి లాడ్జి యజమాని తలుపు తీస్తాడు. పేపరు తెచ్చి చూపించు, నీ చేత్తోనే తీసుకో అని నిన్న ఫోనులో చెప్పాడు. ఏడున్నరకు ఎగువ అహోబిలం మెట్ల దగ్గర, పెద్దాయన కూర్చునే రాయి మీద, ఆయన కూతురు నీలం దారం చుట్ట విప్పుతుంది.