మేకుకు తగిలించిన రాడ్డు

గద్వాలలో రాయచూరు రోడ్డు మీద స్టీఫెన్ వెల్డింగ్ షాపు ఉంది. దాని ముందు మేకుకు మూరెడు ఇనుప రాడ్డు ఒకటి ఎండకూ వానకూ వేలాడుతుంటుంది. రాడ్డు కొసన ఎర్ర పట్టు పోగులు చిక్కుకొని ఉంటాయి. కొత్తవాళ్లు దిష్టికి కట్టారేమో అనుకుంటారు. దిష్టీ లేదు, దయ్యమూ లేదు. అది భీమమ్మ పగ. పగంటే కడుపులో దాచుకొని కుమిలేదని అనుకునేవాళ్లు భీమమ్మను చూసి ఉండరు. తన పగను ఆమె నడిబజారులో పదిమంది కంటపడేట్టు వేలాడదీసింది. నన్నడిగితే మంచి పనే చేసింది.

భీమమ్మ వానాధారపు చెలక సేద్యం చేసే ఇంట్లో పుట్టింది. పల్లికాయ పీకి, పత్తి ఏరి పెరిగిన మనిషి. పెళ్లయి గద్వాల వచ్చాక పక్కింటి మగ్గం మీద మనసుపడి నేత నేర్చుకుంది. గద్వాల చీర సంగతి తెలిసిందే కదా, ఒళ్లంతా నూలు, అంచులూ కొంగూ పట్టు. నూలునూ పట్టునూ కలిపే చోటే నేసేవాళ్ల చెయ్యి ఏపాటిదో బయటపడుతుంది. భీమమ్మ కలిపితే అతుకు ఎక్కడుందో వెతుక్కోవలసి వచ్చేది. రాఘవేందర్ సేటు ఆమెను పిలిచి మరీ మగ్గం ఇచ్చాడు. మగ్గాలూ నూలూ పట్టూ ఆయనవి, నేత కూలివాళ్లది.

ఒక ఎండాకాలం ఆమె మగ్గం మీద అంచు పూలు తీసే జకార్డు డబ్బా ఊగుతోందని, దాన్ని బిగించడానికి సేటు త్రెడ్డు రాడ్డు తెచ్చాడు. ఒంటినిండా మరచుట్లుండే కడ్డీ అది. ఎక్కడ కావాలంటే అక్కడ నట్టు బిగించుకోవచ్చు. షాపుకు పోయి కోయించడం ఎందుకని తానే హెక్సా బ్లేడు పట్టుకొని బరబరా కోసి, కొస అంచు పోగుల పక్కకు పొడుచుకొచ్చినా పట్టించుకోకుండా బిగించేశాడు. ఆ వారం నుంచే అంచులో పట్టు పోగులు తెగడం మొదలైంది. భీమమ్మ అతికేది, అవి మళ్లీ తెగేవి. ఆఖరికి ఒక పెళ్లి చీర అంచు పాడయింది.

సేటు మగ్గాలన్నీ ఆపించాడు. అందరినీ పిలిచి భీమమ్మ అరచేతులు చాపించాడు.

"సూడుండ్రి. పల్లికాయ పీకే చేతులు. గరుకు చెయ్యి. ఈ చేతికి పట్టు ఆగదు," అని ఆమెను మగ్గం మీంచి దింపేశాడు.

ఆ మాట ఆమెకంటే ముందే వీధి దాటింది. ఏ గుమ్మం తొక్కినా మగ్గం ఖాళీ లేదన్నారు. మొగుడి కష్టంతో ఇల్లు గడిచిపోయింది గానీ ఆమె పేరు మాత్రం పోయింది. నీళ్ల దగ్గర ఆడవాళ్లు, "ఏదీ, నీ చెయ్యి సూపియ్యి," అని నవ్వేవారు. పిచ్చిది, కొన్నాళ్లు చేతులకు కొబ్బరినూనె రాసుకొని పడుకుంది. ఒకడు నోరు జారితే తన చేతులనే తిట్టుకుంది. అది తలచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

స్టీఫెన్ షెడ్ల పని మీద ఊళ్లు తిరిగేవాడు. షాపులో ఉండి రాడ్లు కోసి ఇచ్చే మనిషి కావలసి వచ్చింది. భీమమ్మ వెళ్లి అడిగింది. ఆడమనిషి ఇనుము కోస్తుందా అని బజారు ముక్కున వేలేసుకుంది. స్టీఫెన్ మాత్రం పని చూపించాడు. రాడ్డును వైసు అనే ఇనుప పట్టులో బిగించే ముందే దానికి ఒక నట్టు ఎక్కించుకోవాలి. తర్వాత కోయాలి. కోసిన చోట కంటికి ఆనని ఇనుప ముళ్లు లేస్తాయి, వాటిని ఆకురాయితో ఏటవాలుగా రాచి తీసెయ్యాలి. అప్పుడు లోపలున్న నట్టును వెనక్కి తిప్పి బయటికి లాగితే, దెబ్బతిన్న చుట్లు కూడా సాపవుతాయి. నట్టు రెండు వేళ్లకే కదిలి వస్తే పని అయినట్టు.

పనిలో చేరిన కొత్తలో ఆమె కొంగు ఒక రాడ్డు కొసకు తగులుకుంది. లాగితే పోగు నూగు లేచి తెగింది. ఆ తెగిన తీరు ఎక్కడో చూసినట్టు అనిపించింది. ఎక్కడో ఏమిటి, తన మగ్గం మీదే! రాడ్డు బిగించిన వారం, పోగులు తెగిన వారం ఒక్కటేనని అప్పుడు తట్టింది. ఆకురాయి కింద పడేసి ఆ సంగతి స్టీఫెన్‌కు చెప్పింది.

"పోయి అడుగక్కా," అన్నాడు స్టీఫెన్.

"అడిగితే అట్లనా అంటడు. గంతే. ఆయనంతట ఆయనే రావాలె."

ఆ రోజు నుంచి ఏ రాడ్డు కోసినా దాని కొస మీద పట్టు పోగు గీసి చూడందే ఇచ్చేది కాదు. గేదెల కొట్టానికి వేసే రాడ్డుకు కూడా పట్టు పరీక్షేనా అని రైతులు నవ్వేవారు. నవ్వినా మళ్లీ అక్కడికే వచ్చేవారు. ఆ షాపు రాడ్లు నున్నగా ఉంటాయన్న మాట ఆనోటా ఈనోటా నేత వీధికీ చేరింది.

ఒకనాడు జకార్డు డబ్బా మళ్లీ ఊగుతోందని రాఘవేందరే రాడ్డు కోసం వచ్చాడు. భీమమ్మను చూసి గతుక్కుమన్నాడు.

"నువ్వు ఈడున్నవా?"

"ఈడనే ఉన్న సేటూ. కోసిస్త. వచ్చి బిగించుడు గూడ నాదే. మా షాపు పద్ధతి."

అటువంటి పద్ధతేదీ లేదని స్టీఫెన్‌కు తెలుసు. అయినా కొత్త రాడ్డు తీసి ఆమె చేతికిచ్చాడు.

సేటు ఇంట్లో ఆమె పాత మగ్గం మీద గీత అనే పిల్ల నేస్తోంది. పాత రాడ్డు ఎక్కడుందో అక్కడే ఉంది. దాని కొసకు మాత్రం గుడ్డపేలిక చుట్టి, దారంతో గట్టిగా కట్టి ఉంది.

"ఇది ఎవరు చుట్టిండ్రు గీతా?"

"సేటే చుట్టిండక్కా. నేను కూసున్న కొత్తల పోగులు తెగుతుండె. రాడ్డు గీరుతుందని సూసి చుట్టిండు. మళ్ల తెగలే."

భీమమ్మ ఆ గుడ్డపేలిక మీద వేలు పెట్టి చూసింది. ఇన్నాళ్లూ ఆయన తెలియక అన్నాడనే అనుకుంది. తెలిసింది! తెలిసి గుడ్డ చుట్టాడు, నోటికి కూడా చుట్టుకున్నాడు.

"సేటూ, గరుకు నా చేతిదా, నీ రాడ్డుదా?" అంది. మగ్గాలు వాటంతట అవే ఆగిపోయాయి. "ఆనాడు అందర్నీ పిలిచి చెప్పినవ్ గదా. గట్లనే పిలిచి చెప్పు."

"అయిపోయిన ముచ్చట ఎందుకు భీమమ్మా?" సేటు గొంతు తగ్గించాడు. "రేపట్నుంచి మగ్గమెక్కు. మంచి మంచి చీరలే ఇస్త."

"మగ్గం అడగలే. మాట అడిగిన."

సేటు మొహం తిప్పుకున్నాడు. భీమమ్మ గీత మొహం చూసి కొత్త రాడ్డు ఏ లోటూ లేకుండా బిగించింది. పాత రాడ్డు చంకన పెట్టుకొని వచ్చి, గుడ్డ విప్పి, ఎర్ర పట్టు పోగులు దాని కొస మీద గీసింది. చిక్కుకొని ఊడి రాలేదు. అలాగే మేకుకు తగిలించింది. ఇదేమిటని అడిగిన ప్రతివాడికీ పేరుతో సహా కథ చెప్పింది. అడగనివాళ్లను పిలిచి చెప్పింది.

కొన్నాళ్లకు రాఘవేందర్ మగ్గాలు ఖాళీ కాసాగాయి. పోగు తెగితే మన చేతికే పేరు పెడతాడని నేసేవాళ్లు ఒక్కొక్కరే జారుకున్నారు. గీత కూడా పోయింది. అప్పుడు దిగి వచ్చాడు సేటు, షాపు కిటకిటలాడే వేళ.

"ఆ రాడ్డు తీసెయ్యి భీమమ్మా. పరేషాన్ చేస్తున్నవ్."

"నీ కోతనే గదా. నువ్వే సాపు చెయ్యి. నట్టు రెండు వేళ్లకు ఎక్కితే తీసేస్త," అని రాడ్డు దించి ఆకురాయితో సహా చేతికిచ్చింది.

పదిమంది చూస్తుండగా కాదని పోలేకపోయాడు. వైసులో బిగించడం రాక ఒక చేత్తో రాడ్డు పట్టుకొని రెండో చేత్తో రాచాడు. ఆకురాయి జారినప్పుడల్లా మరచుట్లు అరచేతిని కొరికాయి. చొక్కా తడిసింది గానీ నట్టు మాత్రం ఎక్కలేదు. ఆఖరికి ఆకురాయి కింద పెట్టేశాడు.

"చెయ్యి సాపు సేటూ," అంది భీమమ్మ.

ఎందుకో అర్థం కాకుండానే చాపాడు. ఆమె పట్టు పోగు ఒకటి తీసి, లేచిపోయిన ఆ అరచేతి తోలు మీదుగా మెల్లగా లాగింది. పోగు తగులుకొని ఆగింది. గట్టిగా లాగితే తెగింది.

"సూడుండ్రి," అంది భీమమ్మ, షాపంతా వినబడేలా. "గరుకు చెయ్యి. ఈ చేతికి పట్టు ఆగదు."

సేటు చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. వచ్చిన దారినే తల వంచుకొని పోయాడు.

స్టీఫెన్ సేటు పెట్టేసిన ఆకురాయి తీసి తుడిచాడు. తర్వాత అడిగాడు, "ఇగనన్న నీ మనసు సల్లబడ్డదా అక్కా?"

"జర సల్లబడ్డది," అంటూ భీమమ్మ రాడ్డు తీసి, కొసకు మళ్లీ ఎర్ర పోగులు చిక్కించి, మేకుకు తగిలించింది.