అక్క ‘పో’ అన్న రోజు

ఈ రోజు పొద్దున గోల్‌బజార్‌లో చేపలు బేరమాడుతుండగా ఫోను మోగింది. ఎక్కడో సముద్రం అవతల నుంచి మా మేనకోడలు. “మావయ్యా, ఒడ్డెక్కినాను,” అంది. అంతే. నిన్నటి నుంచి నోట్లోకి ముద్ద దిగక తిరుగుతున్నవాణ్ణి, అమ్మయ్య అనుకుని ఆ తడి గచ్చు మీదే చతికిలబడబోయాను. వెనక నుంచి ఎవరో “దాదా, ఎక్టు శొరున్!” అని కసిరారు, కాస్త జరగమని. ఆ ‘దాదా’ అన్న మాట చెవిన పడగానే నాకు నవ్వాగలేదు. చేపలావిడ తను చెప్పిన ధరకే నవ్వుతున్నాననుకుని మొహం ముడుచుకుంది. నవ్వెందుకొచ్చిందో చెప్పాలంటే ముందు మా అక్క సంగతి చెప్పాలి.

మా అక్క పుట్టిందీ పెరిగిందీ ఖరగ్‌పూర్‌లోనే అయినా, శ్రీకాకుళం నుంచి మా తాత మూటగట్టుకొచ్చిన పట్టింపులన్నీ ఆమె దగ్గర భద్రంగా ఉన్నాయి. వాటిలో పెద్దది, గడప దాటే మనిషిని ‘పో’ అనకూడదు. బావ వర్క్‌షాపుకి బయల్దేరినా, నేను ఎదురు కొట్టుకి ఉప్పు కోసం బయల్దేరినా “ఎల్లిరా” అనాల్సిందే. ఓసారి కోపంలో పాలాయన్ని “పో” అనేసి, సైకిలు మలుపు తిరిగేలోగా వెనక్కి పిలిచి మరీ “ఎల్లిరా నాయనా” అని దిద్దుకుంది. ఆయన బెంగాలీ, ముక్క అర్థం కాలేదు. ఇక ఆమె రెండో మాట ‘దా’. కూతురు వేసవి సెలవుల్లో ఎండన పడి మాడిపోతోందని రైల్వే స్విమ్మింగ్ పూల్‌లో చేర్చింది కదా, రోజూ గట్టు మీద గొంతుక్కూర్చుని, అరచేతులు చాపి “దా... దా...” అని పిలిచేది. పిల్ల ఆ పిలుపు పట్టుకునే ఈత నేర్చుకుంది. పూల్ చాలక నదుల మీద పడింది. నాకా, బకెట్టు నిండా నీళ్లు చూస్తేనే గుండె దడ.

భాగీరథిలో, అంటే మా వైపు గంగలో, పొడుగాటి ఈత పందెం ఒకటుంది. పొద్దున్నే దిగితే పొద్దువాటారే వేళకి రేవు చేరాలి. పక్కనే పడవలో మనవాళ్లు రావచ్చు కానీ ఈదే మనిషిని ముట్టుకోకూడదు, ఈదే మనిషి పడవని ముట్టుకోకూడదు. మంచినీళ్లయినా సరే, సీసాకి తాడు కట్టి విసరాల్సిందే. మొదటి ఏడు మా అక్కే చెడగొట్టింది. రేవు కనబడుతుండగా పిల్లకి వణుకు పుట్టింది. ఈవిడ వంగి చెయ్యి పట్టేసుకుంది. పడవలోనే ఉన్న పందెం పరిశీలకుడు ఈల ఊదాడు. అన్ని గంటల ఈతా గంగలో కలిసింది. “కన్నతల్లినయ్యుండి పట్టుకోకూడదేటి?” అని అతనితో తగువేసుకుంది అక్క. పిల్ల మాత్రం నెల్లాళ్లు తల్లితో సరిగ్గా మాట్లాడలేదు.

మరుసటేడు “అమ్మ పడవెక్కితే నాను దిగను” అని మొండికేసింది. నేనే బతిమాలి, చేతులు కట్టుకుని కూర్చుంటుందని పూచీ పడ్డాను. ఈసారీ పోతే ఇక నీళ్ల జోలికే వెళ్లనని పిల్ల తేల్చి చెప్పేసింది. అంతా అక్క చేతుల్లో ఉందన్నమాట. నా భయమంతా ఆ చేతుల గురించే.

అక్క ఆ రోజంతా బుద్ధిగానే కూర్చుంది. సీసాలు నేనే విసిరాను. ఎండ మెత్తబడింది, దూరంగా రేవు మీది మైకు వినబడుతోంది. పడవ నడిపే దాదా (మా ఊళ్లో ముక్కూ మొహం తెలియని మగాళ్లందరూ దాదాలే, అంటే అన్నలే) మరమరాలు నములుతూ తెడ్డు వదిలేశాడు. పడవ మెల్లగా పిల్ల మీదకి జరగసాగింది. ఎక్కడ తగులుతుందోనని గాభరాపడి అక్క “దాదా! దాదా!” అని కేకేసింది. చేసింది మంచి పనే. కానీ పొద్దుట్నుంచీ ఈది ఈది సోలిపోయిన పిల్లకి అది “దా, దా” అని వినబడింది. తల తిప్పి, కళ్లు సగం మూసుకుని, చిన్నప్పుడు గట్టు వైపు వచ్చినట్టే తిన్నగా పడవ వైపు వచ్చేసింది. పరిశీలకుడు ఈల నోట్లో పెట్టుకున్నాడు.

“ఒరే తమ్ముడూ, దా అన్నాననుకుంటందిరా!” అంది అక్క. “వద్దు, వద్దు” అని అరిచాను నేను. పిల్ల చెవికి వాళ్లమ్మ గొంతు తప్ప ఇంకేదీ ఎక్కలేదు. బారెడు దూరం మూరెడైంది. పిల్ల చెయ్యి నీళ్లలోంచి లేచింది. అక్క చేతులు రెండూ ముందుకెళ్లడం నా కళ్లతో చూశాను. అంతలో ఏమనుకుందో, వాటిని గభాలున వీపు వెనక్కి లాక్కుని, ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని, కూతుర్ని జన్మలో అననిది అనేసింది.

“పో! పోవే! ఎల్లిపో!”

పిల్ల ఉలిక్కిపడి ఆగింది. తల్లి మొహంలోకి ఒక్క క్షణం చూసింది. తిరిగి రేవు వైపు బారలు వేసింది. అక్క ఏడుస్తూ, పో పో అంటూ ఒడ్డు దాకా అరుస్తూనే ఉంది.

ఆ దూరాన్ని అంత తొందరగా ఈదిన ఆడపిల్ల ఇంతవరకూ లేదని మైకులో చెప్పారు. మాకది చెవికెక్కితేగా! పరిశీలకుడు ఈల జేబులో పడేసుకుని, గండం తనకే గడిచినట్టు “బాఁచ్లామ్”, బతికిపోయాను అని ఊపిరి వదిలాడు. తువ్వాలు చుట్టుకున్న పిల్ల నవ్వుతూ ఏడుస్తూ “మావయ్యా, మాయమ్మ నన్ను పోవే అనేసిందేటి!” అంది. అక్క మాత్రం కూతురి ముందు నిలబడి, ముట్టుకోకుండా, పరిశీలకుడి వైపు తిరిగి “దాదా, ఎఖోన్ ధొర్‌బో?” అని అడిగింది, ఇప్పుడు పట్టుకోనా అని. అతను తలూపాక పట్టుకున్న చెయ్యి ఖరగ్‌పూర్ స్టేషన్లో దిగేదాకా వదల్లేదు.

ఆ తర్వాత ఎన్ని నదులో, ఎన్ని సముద్రాలో, ఎన్ని రికార్డులో. బయల్దేరిన ప్రతిసారీ ఝపటాపూర్ పేటలో తనింటి గుమ్మంలో నిలబడి అక్క “పోవే” అంటుంది. పక్కింటికి కొత్తగా వచ్చినావిడ అదేం మాటండీ అని నొచ్చుకుంది కూడా. కూతురు నీళ్లలో ఉన్నంతసేపూ అక్క ఫోను ముట్టుకోదు. అందుకే కబురు ముందు నాకొస్తుంది. ఇవాళ చేపల సంచితో తిన్నగా వాళ్లింటికే వెళ్లాను. గుమ్మంలోనే నిలబడి ఉంది, చేతులు వీపు వెనక కట్టుకుని.

“ఒడ్డెక్కిందే,” అన్నాను.

అక్క సంచి అందుకోవడానికి చేతులు ముందుకు చాపింది. ఆ రోజు రెప్పపాటులో వెనక్కి వెళ్లిన ఆ చేతులు, ఇన్నేళ్లుగా పిల్ల నీళ్లలో దిగిన ప్రతిసారీ వీపు వెనక్కే వెళ్లి, ఒడ్డెక్కిందన్నాకే ఇలా తిరిగొస్తున్నాయి.